వాల్హల్లా సూపర్‌మాసివ్ రివ్యూ: కప్ప నేల మీద, రైలు కూత దూరాన

ఒక ఉచిత రీవర్బ్ ప్లగిన్ మీద, అంటే శబ్దానికి మోత కలిపే చిన్న సాఫ్ట్‌వేర్ మీద, ఇంత పొడుగు రివ్యూ ఎందుకు అనిపించొచ్చు. ఏడాదిన్నరగా రాత్రుళ్లు దీనితోనే కూర్చుంటున్నాను. దీనివల్ల ప్రాణం పోసుకున్న ఆడియో చూశాను, దీన్ని ఎక్కువ వేసి నా చేతులారా పాడుచేసుకున్న ఆడియో కూడా చూశాను. మొదలుపెట్టిన రోజుల్లో తెలుగులో ఎవరైనా ఈ మాటలు చెప్పి ఉంటే నాకు మూడు నెలలు మిగిలేవి, అందుకని రాస్తున్నాను. వాన, ఏరు, కీచురాళ్లు, పిట్టలు లాంటివి పొరలు పొరలుగా పేర్చి, నిద్రకో ధ్యానానికో చదువుకునేటప్పుడు వెనకాల పెట్టుకోవడానికో యాంబియంట్ సౌండ్ చేద్దామనుకునేవాళ్ల కోసం ఇది. పాటలు మిక్స్ చేసేవాళ్లకి ఇందులో సగమే పనికొస్తుంది.

ముందు వస్తువు సంగతి చెప్పేస్తాను. వాల్హల్లా డీఎస్పీ అనే అమెరికన్ కంపెనీ 2020లో సూపర్‌మాసివ్‌ని విడుదల చేసింది. రీవర్బ్, డిలే (శబ్దాన్ని ఆలస్యంగా తిరిగి పలికించేది) రెండూ కలిసిన ప్లగిన్. ధర సున్నా. ఇన్ని రోజుల ట్రయల్ అనే గొడవ లేదు, మధ్యమధ్యలో కొత్త మోడ్‌లు కలుపుతూ ఇచ్చిన అప్‌డేట్లు కూడా ఉచితమే. విండోస్‌కీ మ్యాక్‌కీ ఉంది. లైనక్స్‌కి లేదు, ఫోన్‌లో నడవదు. విడిగా తెరుచుకునే సాఫ్ట్‌వేర్ కాదు, ఏదో ఒక ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లోపల పెట్టుకోవాలి. నేను రీపర్ వాడతాను. అది 60 రోజులు ఊరికే వాడి చూడొచ్చు, తర్వాత సొంత వాడకానికి 60 డాలర్ల లైసెన్స్ కొనుక్కోవాలి. నా ల్యాప్‌టాప్ పాతది, పెళ్లి వీడియోలు రెండర్ పెడితే ఫ్యాను గోల పెట్టేస్తుంది, అలాంటి దాని మీద కూడా సూపర్‌మాసివ్ హాయిగా నడుస్తోంది.

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, పాతపట్నం వైపు నాలుగడుగులేస్తే ఆంధ్రా. నా పని పెళ్లి వీడియోల ఎడిటింగ్. మైకులో గాలి చప్పుడు తీసేయడం, సన్నాయి మోతలో మంత్రాలు వినపడేలా చేయడం, ఇవి రోజూ చేసేవే కాబట్టి ఆడియో కొత్త కాదు. కానీ ఆ పనిలో రీవర్బ్ ఎప్పుడూ శత్రువే, కళ్యాణమండపాల్లో గోడలకి తగిలి తిరిగొచ్చే మోతని ఎలా తగ్గించాలా అనే చూసేవాణ్ణి, కావాలని కలిపే అవసరం ఎప్పుడూ రాలేదు.

మా తమ్ముడు హైదరాబాద్‌లో నైట్ షిఫ్ట్ చేస్తాడు. పొద్దున్న ఎనిమిదింటికి రూముకొచ్చి పడుకోవాలి, సరిగ్గా అప్పుడే కింద రోడ్డు మేలుకుంటుంది. చెవుల్లో దూది పెట్టుకున్నాడు, ఫ్యాను స్పీడు పెంచుకున్నాడు, ఫోన్లో దొరికే వాన చప్పుళ్లు పెట్టుకున్నాడు, ఏదీ వారం మించి పనిచేయలేదు. ఒకరోజు ఫోన్ చేసి, "అన్నయ్యా, మనింటి వెనక రాత్రి వినపడేవన్నీ రికార్డ్ చేసి పంపు, అవి వింటే నిద్ర పట్టేస్తుందనిపిస్తోంది" అన్నాడు. ఏమేం కావాలిరా అంటే మూడు చెప్పాడు. మహేంద్రతనయ ఏరు, పొలంలో కప్పలు, దూరంగా రైలు కూత. నౌపడ–గుణుపూర్ లైను మీద చీకటి పడ్డాక వెళ్లే బండి కూత, మా పెరట్లో మంచం వేసుకుని పడుకుంటే కాసేపు గాలిలోనే నిలబడి ఉంటుంది. వాడికి అన్నిటికంటే అదే కావాలి.

రికార్డింగ్ సంగతి తొందరగా చెప్పేస్తాను, ఇది రికార్డర్ రివ్యూ కాదు కాబట్టి. చేతిలో పట్టే చిన్న స్టీరియో రికార్డర్, చిన్న ట్రైపాడ్, అంతే. ఏటి ఒడ్డున గాలే పెద్ద సమస్య. మైకు మీద వేసే బొచ్చు తొడుగు ఆన్‌లైన్లో ఆర్డర్ పెడితే పల్చటి స్పాంజి ముక్క వచ్చింది, తిరిగి పంపుదామంటే నెల పట్టింది. ఈలోగా అమ్మ పాత బొచ్చు బొమ్మ తోలు విప్పి ఒక సంచీ కుట్టి ఇచ్చింది, ఇప్పటికీ అదే వాడుతున్నాను. 80 హెర్ట్జ్ కింద కత్తిరించేస్తే మిగిలిన గాలి, దూరంగా పోయే బస్సుల గుడగుడ చాలావరకు పోతాయి. తెల్లవారుజామున నాలుగింటికీ ఐదింటికీ మధ్య చేసినవే పనికొచ్చాయి, ఆ తర్వాత బండ్లు మొదలైపోతాయి.

ఇప్పుడు అసలు కథ. నాలుగు ట్రాకులు పేర్చుకున్నాను, అన్నిటినీ కలిపి మాస్టర్ మీద, అంటే ట్రాకులన్నీ కలిసే చోట, సూపర్‌మాసివ్ వేసి, ముందే సిద్ధంగా ఉన్న అమరికల్లోంచి ఒక పెద్ద ప్రీసెట్ ఎంచుకుని ప్లే నొక్కాను. ఒళ్లు జలదరించింది, నిజంగా. ఏరు కాస్తా సముద్రమైపోయింది, కప్ప అరిస్తే ఆ అరుపు పది సెకన్లు మబ్బులా పరుచుకుంటోంది. అద్భుతం అనుకుని ఆ రాత్రే తమ్ముడికి పంపేసి, పొద్దున్న అమ్మకి హెడ్‌ఫోన్స్ పెట్టి వినిపించాను. అమ్మ రెండు నిమిషాలు కళ్లు మూసుకుని విని, హెడ్‌ఫోన్స్ తీసేసి, "ఏటిరా ఇది, కప్ప గట్టు మీద కూర్చోవాలి గానీ ఆకాశంలో కూర్చుని అరుస్తోందేటి" అంది. తమ్ముడు కూడా సాయంత్రం అదే అర్థం వచ్చేలా మెసేజ్ పెట్టాడు, బాగుంది గానీ మన ఊరు కాదు అన్నాడు.

ఈ ప్లగిన్ గురించి నేను నేర్చుకున్నదంతా ఆ కప్ప మాట దగ్గరే మొదలైంది. రీవర్బ్ అంటే శబ్దం గోడలకి, పైకప్పుకి తగిలి వేల ముక్కలుగా తిరిగి రావడం. ఆరుబయట గోడలేవి? పొలం గట్టు మీద కప్ప అరిస్తే ఆ శబ్దం మన చెవికొచ్చేది వచ్చి, మిగతాది బయలులోకి పోతుంది, తిరిగి రాదు. అడవిలో అయితే చెట్ల బోదెలకి తగిలి కొంత చెదురుతుంది, ఆకులు కొంత మింగేస్తాయి, అందుకే అడవి మోత చాలా పొట్టిగా, మెత్తగా ఉంటుంది. అసలు శబ్దం ఆగాక కూడా సాగే మోతని తోక అంటారు, పది సెకన్ల తోక ఉన్న కప్ప ప్రకృతిలో ఎక్కడా లేదు. చెవికి ఆ సంగతి తెలుసు, మనసు ఎంత మురిసిపోయినా చెవి ఒప్పుకోదు. మరి ఆరుబయట రీవర్బ్ లాంటిది అసలు వినపడదా అంటే వినపడుతుంది, దూరం నుంచి వచ్చేవాటిలో. రైలు కూత, కొండ అవతల ఉరుము, లోయలో ఎవరో పిలిచిన కేక. నేరుగా వచ్చే శబ్దం పల్చబడిపోయి, అక్కడా ఇక్కడా తగిలి వచ్చినదే ఎక్కువ మిగులుతుంది కాబట్టి అది తోకలా సాగుతుంది. సూపర్‌మాసివ్‌ని దూరం తయారుచేసే పనిముట్టుగా వాడుకోవాలి. దగ్గర ఉన్నదాన్ని ముట్టుకోకూడదు. నా రివ్యూ మొత్తం ఇదే, మిగతాదంతా దీన్ని ఎలా చేయాలన్నది.

మొదటి మార్పు, ట్రాక్ మీద నేరుగా వేయడం మానేశాను. విడిగా ఒక ట్రాక్ తెరిచి అందులో సూపర్‌మాసివ్ పెట్టి, అసలు శబ్దం లేకుండా రీవర్బ్ మాత్రమే వచ్చేలా మిక్స్ నాబ్ 100 శాతానికి తిప్పి, కావలసిన ట్రాకుల నుంచి కావలసినంత శబ్దాన్ని అక్కడికి పంపుతాను. దీన్నే సెండ్ అంటారు. దీనివల్ల ఏరు ఏరులాగే ఉంటుంది, కూత మాత్రం రీవర్బ్‌లోకి వెళ్తుంది. ఒకే రీవర్బ్‌లోంచి వస్తున్నాయి కాబట్టి దూరపు శబ్దాలన్నీ ఒకే ఊరివిలా వినిపిస్తాయి, ట్రాకుకొకటి చొప్పున వేరువేరు రీవర్బ్‌లు వేస్తే ఈ పొందిక రాదు.

తెర మీద నాబ్‌లు పట్టుమని పదో పదకొండో ఉంటాయి, చూడగానే అర్థమయ్యేలా ఉంటాయి. వాటిలో డిలే, వార్ప్, ఫీడ్‌బ్యాక్, డెన్సిటీ ఈ నాలుగే ప్రాణం. డిలే అంటే శబ్దం ఎంత ఆలస్యంగా తిరిగి రావాలన్నది, రెండు సెకన్ల దాకా పెట్టుకోవచ్చు. వార్ప్ సున్నా దగ్గర ఉంటే లోపలి డిలేలన్నీ ఒకే పొడుగులో ఉంటాయి, అంటే స్పష్టమైన ప్రతిధ్వని వస్తుంది. వార్ప్ పెంచుతున్నకొద్దీ ఆ పొడుగులు ఒకదానికొకటి తేడాగా జరిగి, ప్రతిధ్వని కాస్తా చెదిరి రీవర్బ్‌గా మారుతుంది. ఫీడ్‌బ్యాక్ తోక పొడుగు, చివరిదాకా తిప్పారా అది ఆగనే ఆగదు, జాగ్రత్త. డెన్సిటీ ఆ ముక్కల్ని నున్నగా కలిపేస్తుంది. వీటికి తోడు మోడ్‌లు. ఒక్కో మోడ్ స్వభావం ఒక్కో రకం. జెమినై తొందరగా లేచి తొందరగా అణిగిపోతుంది. సాజిటేరియస్ నెమ్మదిగా లేచి చాలాసేపు ఉంటుంది. ఆండ్రోమెడా ఇంకా బద్ధకం, అది లేచేసరికి అసలు శబ్దం ఎప్పుడో అయిపోయి ఉంటుంది. పేర్లన్నీ నక్షత్రాలవీ పాలపుంతలవీ. ఈ ప్లగిన్ చేసినవాళ్లు మనసులో ఏం పెట్టుకుని చేశారో ఆ పేర్లే చెప్తున్నాయి, అడవి కోసం చేసింది కాదు. అడవికి మనమే దాన్ని తీసుకురావాలి.

రైలు కూత మీద నాకు వారం పట్టింది, ఆ వారం పని ఇక్కడ విప్పి చెప్తాను, ఎందుకంటే ఇది వస్తే మిగతావన్నీ వచ్చేస్తాయి. పెరట్లోంచి రికార్డ్ చేస్తే కూత కంటే పక్కింటి కుక్క, గాలి ఎక్కువ. అందుకని పట్టాలకి దాదాపు 50 మీటర్ల దూరంలో నిలబడి దగ్గర్నుంచి శుభ్రంగా రికార్డ్ చేశాను. ఇంటికొచ్చి దాన్ని సూపర్‌మాసివ్‌లోకి పంపితే కూత దూరం పోలేదు, పెద్ద గోడౌన్లో రైలు నిలబెట్టి కూత వేయించినట్టుంది. ఎంత రీవర్బ్ పెంచినా అంతే. దూరం అంటే రీవర్బ్ ఒక్కటే కాదని అప్పుడు తెలిసింది. బయలులో ఒకచోటు నుంచి వచ్చే శబ్దం, దూరం రెట్టింపైన ప్రతిసారీ ఇంచుమించు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. 50 మీటర్లు 800 అవ్వాలంటే నాలుగుసార్లు రెట్టింపు కావాలి, అంటే 24 డెసిబెల్స్. ముందు ఆ 24 తగ్గించేశాను. తర్వాత, గాలి పై ఫ్రీక్వెన్సీలని ఎక్కువ తినేస్తుంది, దూరపు కూతలో ఆ పదును ఉండదు. అందుకని రీవర్బ్‌లోకి పంపేముందే 2,500 హెర్ట్జ్ పైన మెల్లగా కత్తిరించాను. ఈ రెండూ అయ్యాక సాజిటేరియస్ మోడ్, డిలే 300 మిల్లీసెకన్లు, వార్ప్ 60, ఫీడ్‌బ్యాక్ 40, డెన్సిటీ చివరిదాకా. ప్లగిన్ లోపలి లో కట్ (కింది ఫ్రీక్వెన్సీలని కత్తిరించేది) 200 హెర్ట్జ్ దగ్గర, హై కట్ (పైవాటిని కత్తిరించేది) 3,000 దగ్గర. చివరికి కూత అసలు ట్రాక్ ఫేడర్‌ని, అంటే శబ్దం పెంచి తగ్గించే మీటని, ఇంకా కిందికి లాగేసి, తొంభై పాళ్లు రీవర్బ్‌లోంచి వచ్చేదే వినపడేలా చేశాను. మాడ్యులేషన్ డెప్త్ మాత్రం బాగా తక్కువ ఉంచాలి, పెంచితే కూత శ్రుతి అటూ ఇటూ ఊగుతుంది, వెంటనే దొరికిపోతుంది.

అమ్మకి మళ్లీ వినిపించాను. ఈసారి ఏమీ అనలేదు, హెడ్‌ఫోన్స్ ఒకవైపు తీసి కిటికీ వైపు చూసింది, నిజంగా బండి వచ్చిందేమోనని.

కొండ ప్రతిధ్వని విషయంలో సూపర్‌మాసివ్‌కి నా దగ్గర ఉన్న మరే ప్లగిన్ సాటిరాదు. శబ్దం గాలిలో సెకనుకి దాదాపు 340 మీటర్లు పోతుంది. 170 మీటర్ల దూరంలో కొండ ఉంటే కేక వెళ్లి తిరిగి రావడానికి ఒక సెకను. కాబట్టి డిలే 1,000 మిల్లీసెకన్లు, వార్ప్ సున్నా, డెన్సిటీ సున్నా, ఫీడ్‌బ్యాక్ పదిహేను, హైడ్రా మోడ్. అచ్చంగా ఎదుటి కొండ మాట తిరిగి చెప్పినట్టు ఉంటుంది. వార్ప్ ఒక పదికి జరిపితే రెండు మూడు కొండలు ఉన్నట్టు చెదురుతుంది. మహేంద్రగిరి వైపు లోయల్లో తిరిగినవాళ్లకి ఆ చెదిరే తీరు వెంటనే తెలుస్తుంది. జెముడుకాకి కూత, ఆ లోతైన ఊప్ ఊప్, దీనిలోంచి చాలా తక్కువగా పంపి చూడండి.

జలపాతం దగ్గర మాత్రం నేను ఓడిపోయాను, కారణం తెలిశాక ఓటమి అనిపించలేదు. గండాహాతి జలపాతం దగ్గర అరగంట రికార్డ్ చేసి తెచ్చి దానికి రీవర్బ్ వేస్తే ఏమీ జరగలేదు, ఇంకొంచెం బురదగా మారిందంతే. జలపాతం అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ ఒకేలా ఆగకుండా మోగుతుంది. ఆగని శబ్దానికి తోక ఎక్కడ వినపడుతుంది? రీవర్బ్‌కి ఖాళీ కావాలి. చినుకు పడి ఆగాలి, పిట్ట కూసి ఊరుకోవాలి, ఆవు మెడలో గంట ఒకసారి మోగి ఆగాలి, ఆ సందులో తోక కనిపిస్తుంది. జలపాతం, జోరువాన, కీచురాళ్ల రొద, వీటికి రీవర్బ్ వేయడం నీళ్లలో నీళ్లు పోయడమే. వాటిని పొడిగా ఉంచి ఫేడర్ తగ్గించుకుంటే చాలు.

కానీ ఆ జలపాతాన్నే నేను ఇంకోలా వాడుకున్నాను. పది సెకన్ల ముక్క కత్తిరించి, ఒక స్థాయి కిందికి శ్రుతి దించి, 400 హెర్ట్జ్ పైన మొత్తం తీసేసి, ఆండ్రోమెడాలోకి పంపి ఫీడ్‌బ్యాక్ 80 పెట్టాను. ముక్క ఆగిపోయాక కూడా నిమిషం సేపు వెనకాల ఒక మెత్తటి గుయ్ మోగుతూ ఉంటుంది, ఆ తోకని మాత్రమే రెండర్ చేసి దాచుకున్నాను. సింథసైజర్ అక్కర్లేదు, ఈ ఊరి నీళ్లలోంచే తంబురా శ్రుతి లాంటిది పుట్టింది. ఇక్కడ మాడ్యులేషన్ ఎంత పెంచినా పరవాలేదు, పైగా బాగుంటుంది.

ఈ గుయ్‌ని ఎలా ఆపకుండా నడపాలో నాకు చంద్రగిరి దగ్గర జిరంగ్ టిబెటన్ బౌద్ధ మఠంలో తట్టింది. 2010లో దలైలామా ప్రారంభించిన ఆ మఠం మా గజపతి జిల్లాలోనే ఉంది. అక్కడి పొడవాటి బాకాలు ఇద్దరు కలిసి ఊదుతారు, ఒకరి ఊపిరి అయిపోయే లోపే రెండోవారు అందుకుంటారు, అందుకే నాదం ఎక్కడా తెగదు. నేను అక్కడ రికార్డర్ తీయలేదు, పూజ జరుగుతుంటే తీయాలనిపించలేదు, విని వచ్చాను. ఇంటికొచ్చి నా గుయ్ ముక్కలు రెండింటిని అలాగే పెట్టాను, ఒకటి ఇరవై సెకన్లలో అణుగుతుంటే రెండోది ఇరవై సెకన్లలో లేస్తుంది. అతుకు తెలియడం లేదు.

అతుకుల మాట వచ్చింది కాబట్టి ఒక లెక్క. తమ్ముడు ఎనిమిది గంటలు పడుకుంటాడు, ఎనిమిది గంటల రికార్డింగ్ నా దగ్గర లేదు. లూప్ చేస్తే అదే కప్ప అదే చోట అరుస్తుంది, నాలుగోసారికి మెదడు పట్టేస్తుంది, ఇక నిద్ర రాదు సరికదా దానికోసం ఎదురుచూడటం మొదలవుతుంది. దీనికి మందు, పొరల పొడుగులు ఒకదానికొకటి సరిపోకుండా చూసుకోవడం. నా కప్పల పొర 3 నిమిషాల 7 సెకన్లు, పిట్టల పొర 4 నిమిషాల 31 సెకన్లు. సెకన్లలో 187, 271. ఈ రెండూ మళ్లీ మొదటిలాగే ఒకే క్షణంలో కలవాలంటే 14 గంటల పైమాటే.

ఫ్రీక్వెన్సీల పంపకం కూడా చూసుకోవాలి. బెర్నీ క్రాస్ అనే అమెరికన్ సౌండ్ రికార్డిస్ట్ ఒక మాట చెప్పాడు, ఆరోగ్యంగా ఉన్న అడవిలో పురుగులు, కప్పలు, పిట్టలు ఒకదాని గొంతు మీద ఒకటి పడకుండా ఎవరి ఫ్రీక్వెన్సీ జాగా వాళ్లు తీసుకుంటాయని. మా పొలం రికార్డింగ్‌ని ఫ్రీక్వెన్సీలని బొమ్మగా చూపించే స్పెక్ట్రం ఎనలైజర్‌లో చూస్తే ఆ మాట కళ్ల ముందు కనిపించింది, కీచురాళ్లు పైన ఒక సన్నటి గీతలా, కప్పలు దానికి బాగా కింద, ఏరు వీటన్నిటి వెనకాల పరుచుకుని. రీవర్బ్ ఎక్కువ పడితే ముందు చెడిపోయేది ఈ సర్దుబాటే, తోకలన్నీ మధ్యలోకి వచ్చి కుప్ప పడతాయి. అందుకే ప్లగిన్‌లోని లో కట్, హై కట్ నాబ్‌లు అలంకారానికి అనుకోవద్దు. నేను వాటిని ముట్టుకోకుండా ఒక్క ఫైలు కూడా బయటికి పంపను.

దగ్గరి శబ్దాలకి ఒక చిన్న మెత్తదనం కావాలంటే సూపర్‌మాసివ్ సరైనది కాదు, జెమినై మోడ్‌లో ఎంత తగ్గించినా దాని స్వభావం పెద్దదే. దానికి నేను రీపర్‌తో వచ్చే రీవర్బ్ ప్లగిన్‌ని, అంటే ఒక నిజమైన చోటు మోతని ఫైలుగా ఇస్తే దాన్నే శబ్దానికి అద్దేదాన్ని, వాడతాను. మా మావయ్యగారి మామిడితోటలో ఒక బెలూన్ పగలగొట్టి ఆ చప్పుడు రికార్డ్ చేసి పెట్టుకున్నాను. అర సెకను కూడా లేని మోత. పిట్టల మీద కొద్దిగా అది వేస్తే పిట్టలు చెట్ల మధ్యలోకి వెళ్లి కూర్చున్నాయి. అలాగే మాటల మీద, పెళ్లి మంత్రాల మీద సూపర్‌మాసివ్ వేయకండి, దానికి ఇది పనికిరాదు, దాని పని అది కాదు.

చివరగా ఫైలు గురించి. ఏరు, వాన లాంటి చప్పుళ్లని తక్కువ బిట్‌రేట్ ఎంపీత్రీ అసలు మోయలేదు, 128లో ఇస్తే నీళ్లు గిరగిరా తిరుగుతున్నట్టు వినిపిస్తాయి, తోకలు గరగరలాడతాయి. 320లోనో, నాణ్యత తగ్గించని ఫ్లాక్ ఫైలుగానో ఇవ్వండి. ఫోన్ స్పీకర్‌లో వినేవాళ్లకి కింది గుయ్ ఎలాగూ వినపడదు, అది లేకపోయినా మిక్స్ నిలబడుతుందో లేదో మన ఫోన్లో ఒకసారి విని చూసుకోవాలి. ఇంకొకటి, హెడ్‌ఫోన్స్‌లో రాత్రి పూట రీవర్బ్ ఎప్పుడూ తక్కువనిపిస్తుంది. పొద్దున్న వింటే ఎక్కువనిపిస్తుంది. నేను రాత్రి పెట్టిన సెండ్‌ని పొద్దున్నే లేచి 3 డెసిబెల్స్ తగ్గించేస్తాను, ఇప్పటిదాకా ఒక్కసారి కూడా మళ్లీ పెంచాల్సిన అవసరం రాలేదు.

మార్కులు అడిగితే దూరానికి, ప్రతిధ్వనికి, గుయ్ శ్రుతులకి 5కి 5. దగ్గరి అడవికి 2. ఉచితంగా దొరికేదాన్లో ఈ పని కోసం నేను ముందు దించుకోమనేది ఇదే, కానీ దించుకున్న రోజే ప్రీసెట్లన్నీ తిప్పుకుంటూ కూర్చోకుండా ఒకే ఒక్క శబ్దం, ఖాళీలు ఉన్న శబ్దం, గంటో కూతో తీసుకుని నాలుగు నాబ్‌లతో ఒక సాయంత్రం గడపండి.

తమ్ముడికి ఇప్పుడు పంపిన ఫైలు పదకొండోది. మొన్న మెసేజ్ పెట్టాడు, "అన్నయ్యా, రైలు కూత అలాగే ఉంచు, నలభయ్యో నిమిషంలో జెముడుకాకి మాత్రం తీసెయ్, అక్కడ మెలకువ వచ్చేస్తోంది." తీసేశాను.